అప్‌డేట్: కార్ల ర్యాలీ టైమ్ కంట్రోల్‌లో పనిచేశాను

కార్ల మరమ్మతు తెలియనివారు ర్యాలీలో స్వచ్ఛంద అధికారిగా పనిచేయవచ్చా అని ఇదివరకు అడిగితే, ముందు టైమ్ కంట్రోల్‌లో, అంటే ప్రతి కారు వచ్చిన సమయాన్ని నమోదు చేసే చోట, చేరమని మీరు సూచించారు. అలాగే చేరాను. మెకానిక్ పరిజ్ఞానం అవసరం పడలేదు గానీ, గడియారం మీద నుంచి చూపు మరల్చే వీలు లేదు. కో-డ్రైవర్ (డ్రైవర్ పక్కన కూర్చుని దారి చెప్పే వ్యక్తి) కిటికీలోంచి టైమ్ కార్డు, అంటే సమయాలు రాసే కార్డు, అందించిన నిమిషమే లెక్కలోకి వస్తుంది. అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం ఆలస్యమైన ప్రతి నిమిషానికి 10 సెకన్లు, ముందుగా వస్తే నిమిషానికి నిమిషం చొప్పున పెనాల్టీ పడుతుంది కనుక, అంకెను స్పష్టంగా రాయడమే అక్కడ అసలైన పని. మనసులో గట్టిగా నాటుకున్నది మాత్రం భద్రతా శిక్షణ: స్టేజ్‌లో (కార్లు వేగంగా పోటీపడే మార్గభాగంలో) ఆగిపోయిన కారులోనివారు ‘ఓకే’ గుర్తు చూపుతున్నారా, సాయం కోరే ఎర్రటి ‘ఎస్‌ఓఎస్’ గుర్తు చూపుతున్నారా అన్నది గమనించి తక్షణమే రేడియోలో తెలియజేయాలి. తర్వాతి ర్యాలీలో రేడియో పోస్టుకు పేరిచ్చాను.