డిప్రెషన్‌లో ఉన్న అక్కకి సీఆర్‌పీ 6 వచ్చింది, రెండింటికీ సంబంధం ఉందా?

ప్రశ్న (తమ్ముడు):
అక్క చాన్నాళ్లుగా డిప్రెషన్ మందులు వాడుతోంది. మందు మార్చినా గుణం కనపడలేదు. లేచి జడ వేసుకోవడానికి కూడా ఓపిక లేదంటుంది. మొన్న రక్తపరీక్షలో హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, ఉంటే పెరిగే ప్రొటీన్) లీటరుకు 6 మిల్లీగ్రాములు వచ్చింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ వల్లే డిప్రెషన్ వస్తుందట కదా, వాపూ నొప్పీ తగ్గించే ఐబూప్రొఫెన్ మాత్రలు వేసేద్దామని ఇంట్లో అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

జవాబు (మానసిక వైద్యురాలు):
ముందు ఆ మాత్రల జోలికి పోకండి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం డిప్రెషన్ మందుతో కలిపి వేస్తే కడుపులో రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది.

సంబంధం ఉన్నమాట నిజమే. రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌లూకిన్-6 అనే ప్రొటీన్ పురమాయిస్తే కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి అది 3 దాటి ఉంటుంది. మిగతావాళ్లకి ఉండదు కాబట్టి, డిప్రెషన్‌ని తేల్చే పరీక్ష కాదిది. పొగతాగడం, ఊబకాయం, చిగుళ్ల జబ్బు, మొన్నమొన్న తగ్గిన జలుబు, ఏదైనా దీన్ని పెంచగలదు.

2013లో వచ్చిన ఒక ట్రయల్ గురించి మా జూనియర్లకి పదేపదే చెబుతుంటాను. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిలో కొందరికి ఇన్‌ఫ్లమేషన్‌ని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఎక్కించారు. మొత్తంమీద తేడా లేదు. సీఆర్‌పీ 5 దాటినవాళ్లలో మాత్రం మేలు జరిగిన సూచనలు కనిపించాయి. తక్కువున్నవాళ్లకి ఉత్తుత్తి మందే నయమనిపించింది! అందుకే డిప్రెషన్ అంతా ఒకటే జబ్బంటే నేను ఒప్పుకోను.

జవాబు (ఇంకొకరు):
మా నాన్నగారికి హెపటైటిస్-సి కోసం రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. దిగులంటే ఎరగని మనిషి, కోర్సు మధ్యలో గోడవైపు తిరిగి పడుకునేవారు, పలకరిస్తే కళ్లనీళ్లు. ఆ ఇంజెక్షన్ వల్ల చాలామందికి ఇలా అవుతుందని చెప్పి డాక్టరు డిప్రెషన్ మందు కలిపారు. కోర్సయ్యాక మామూలు మనిషయ్యారు. "మనసు గట్టిచేసుకో" అని మా ఇంట్లో ఇప్పుడెవరమూ అనం. మీ అక్కనీ అనకండి.

తమ్ముడు:
డాక్టరుగారూ, పళ్లు తోముకుంటే అక్కకి చిగుళ్లనుంచి రక్తం వస్తుంది. చాలా రోజులనుంచీ ఉంది.

మానసిక వైద్యురాలు:
అయితే పళ్ల డాక్టరుకి చూపించండి. చిగుళ్లు నయమయ్యాక, జలుబూ జ్వరం లేనప్పుడు సీఆర్‌పీ మళ్లీ చేయించండి. తగ్గిందని డిప్రెషన్ మందు ఆపేయొద్దు. థైరాయిడ్, బీ12 చూశారా అని అక్క డాక్టరునే అడగండి. ఉన్నట్టుండి తికమక, ఫిట్స్, మూతీ చేతులూ వాటంతటవే కదలడం లాంటివి కనిపిస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. యాంటీబాడీలు మెదడు మీద దాడిచేసే జబ్బు అలా మొదలవుతుంది, దానికి వెన్నునీరు పరీక్షించాలి.