సానియా సింగిల్స్ వదిలేయడం సరైన నిర్ణయమేనా?

రెండోసర్వ్:
సానియా మీర్జా 2013లో ఇక సింగిల్స్ ఆడనని, డబుల్స్ మీదే దృష్టి పెడతానని చెప్పేసింది కదా. దాని గురించి ఎవర్ని కదిపినా "కరెక్ట్ పని చేసింది, నంబర్ వన్ అయింది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు మాత్రం అది మింగుడుపడదు. అప్పటికి ఆమెకి 26 ఏళ్లు. 2005 సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వైల్డ్‌కార్డ్ (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశం) మీద ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి వెళ్లిన 18 ఏళ్ల అమ్మాయి మూడో రౌండ్ దాకా వచ్చి సెరీనా చేతిలో 1-6, 4-6తో ఓడింది, మరుసటి నెలలో హైదరాబాద్‌లో బొండారెంకోని మూడు సెట్లలో ఓడించి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) సింగిల్స్ టైటిల్ కొట్టింది (మన దేశంలో ఏ అమ్మాయికైనా అదే మొదటిది), ఆ వెంటనే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని వరుస సెట్లలో ఇంటికి పంపింది, అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ ఆడింది. 2007 ఆగస్టుకి 27వ ర్యాంకు. ఇంత ఆట ఉన్న మనిషి 26కే సింగిల్స్ మానేస్తే చప్పట్లు కొట్టాలా? నా దృష్టిలో అది తొందరపాటే. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

డ్యూస్‌కోర్ట్:
తొందరపాటు ఎలా అవుతుంది గురూ, 2007 నుంచి నేరుగా 2013కి దూకేశావు. మధ్యలో జరిగిందే అసలు కథ. 2008లో మణికట్టుకి ఆపరేషన్. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్ మ్యాచ్ మధ్యలోనే ఆ చెయ్యి పనిచేయక తప్పుకుంది. ఆ తర్వాత మోకాళ్లు కూడా ఆపరేషన్ టేబుల్ ఎక్కాయి. ఆమె ఫోర్‌హ్యాండ్ బాగా చూసినవాళ్లకి తెలుసు: రాకెట్‌ని పెద్దగా వెనక్కి లాగదు, బంతి ఒంటి దగ్గరికి వచ్చాక చివర్లో మణికట్టుతో ఒక్క విసురు విసురుతుంది, అవతలి వాళ్లకి అది క్రాస్‌కోర్టో (ఐమూలగా) డౌన్ ది లైనో (పక్క గీత వెంబడి నేరుగా) చివరిదాకా అంతు చిక్కదు. ఆమె ఆటంతా ఆ విసురులోనే ఉంది. కత్తి పడింది సరిగ్గా అక్కడే. సింగిల్స్‌లో ఒక మ్యాచ్‌లో ఆ షాట్ ఎన్నిసార్లు కొట్టాలో, కోర్టు ఈ మూల నుంచి ఆ మూలకి ఎన్నిసార్లు పరిగెత్తాలో ఆలోచించు. డబుల్స్‌లో సగం కోర్టే నీది. పైగా గ్రాండ్‌స్లామ్‌లు కాకుండా మామూలు టోర్నీల్లో మూడో సెట్ బదులు 10 పాయింట్ల టైబ్రేక్, డ్యూస్ (40-40) దగ్గర ఒకే పాయింట్‌తో గేమ్ ఖతం. అదే ఒంటితో ఇంకో పదేళ్లు ఆడాలంటే వేరే దారి ఎక్కడుంది?

నెట్‌కార్డ్:
డబుల్స్ అంటే సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్లు ఆడుకునే ఆట. నిజం చేదుగానే ఉంటుంది, ఎవరూ ఫీలవకండి. స్టేడియం ఖాళీ, టీవీలో చూపించరు. డబ్బు సంగతి చూడండి: 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకి 18.8 లక్షల పౌండ్లు, డబుల్స్ గెలిచిన జోడీకి ఇద్దరికీ కలిపి 3.4 లక్షలు. అంటే సానియా వాటా 1.7 లక్షలు. టెన్నిస్ వాళ్లే దానికి అంత విలువ కట్టినప్పుడు మనం నెత్తిన పెట్టుకుని ఊరేగడం ఏంటి? అదీగాక జోడీగా పక్కన సింగిల్స్‌లో మాజీ నంబర్ వన్ మార్టినా హింగిస్ ఉంటే ఎవరైనా గెలుస్తారు.

టైబ్రేక్:
@నెట్‌కార్డ్ అదే 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ మొదటి రౌండ్‌లో ఓడి ఇంటికెళ్లినవాళ్లకి వచ్చింది 29 వేల పౌండ్లు బ్రదర్. ఆపరేషన్లయిన మణికట్టుతో మొదటి, రెండో రౌండ్లలో ఓడుతూ తిరగడం ఒక పక్క, 1.7 లక్షలు, కప్పు, నంబర్ వన్ ర్యాంకు ఇంకో పక్క. లెక్క నువ్వే వేసుకో.

ఇక హింగిస్ మోసుకెళ్లిందనే పాత పాట. ఆమెతో కలవకముందే, 2014లో, కారా బ్లాక్‌తో డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది, బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. 2011లోనే వెస్నినాతో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడింది. హింగిస్‌తో విడిపోయాక ఏమైందో కూడా చూడు: 2016 ఆగస్టు, సిన్సినాటి ఫైనల్. ఇటు సానియా, స్ట్రైకోవా. అటు హింగిస్, వాండెవే. సానియా వాళ్లే వరుస సెట్లలో గెలిచారు, దాంతో అప్పటిదాకా హింగిస్‌తో పంచుకుంటున్న నంబర్ వన్ ర్యాంకు సానియా ఒక్కదానిదే అయింది. ఎవరు ఎవర్ని మోసినట్టు?

పాతరాకెట్:
ఇక్కడ ఎవరూ సర్వ్ గురించి మాట్లాడటం లేదేంటండీ. నేను పిల్లలకి కోచింగ్ ఇస్తాను, నా కంటికి ముందు కనపడేది అదే. సానియా రెండో సర్వ్ మొదటి నుంచీ బలహీనమే. 2005లో కొత్త మొహం కాబట్టి చెల్లింది. టూర్‌లో రెండేళ్లు తిరిగాక అందరికీ అర్థమైపోయింది: మొదటి సర్వ్ తప్పితే చాలు, రిటర్న్ చేసే అమ్మాయి రెండడుగులు లోపలికి వచ్చి నిలబడేది. బంతి మెల్లగా వచ్చి సర్వీస్ బాక్స్ మధ్యలో పడేది, అది ఇంకా పైకి లేస్తుండగానే సానియా బ్యాక్‌హ్యాండ్ వైపు మూలకి కొట్టేసేవాళ్లు. ఇక అక్కడి నుంచి పాయింటంతా పరుగే, అసలు ఫోర్‌హ్యాండ్ కొట్టే అవకాశమే రాదు. పరుగు ఆమెకి మొదటి నుంచీ చుట్టం కాదు.

డబుల్స్‌లో అదే రెండో సర్వ్ వేసినా నెట్ దగ్గర హింగిస్ లాంటి మనిషి నిలబడి ఉంటుంది. రిటర్న్ కొంచెం అటూ ఇటూ అయితే మధ్యలోకి దూకి బంతి నేల తాకకముందే వాలీ కొట్టేస్తుంది. ఆ భయంతో అవతలి అమ్మాయి మూలకి గట్టిగా కొట్టడం మానేసి, నెట్ దగ్గరున్న మనిషికి అందకుండా వెయ్యడమే చూసుకుంటుంది, అలా వచ్చిన బంతి సరిగ్గా సానియా ఫోర్‌హ్యాండ్‌కి విందు భోజనం. ఆమె లోపాలు మొత్తం పార్ట్‌నర్ వెనక దాక్కున్నాయి, ఆమె బలం మొత్తం బయటికొచ్చింది. నన్నడిగితే 27వ ర్యాంకే ఆ సర్వ్‌తో సాధించిన గొప్ప వింత, ఇంకా పైకి వెళ్లాల్సింది అని బాధపడేవాళ్లు 2007 నాటి ఆ మ్యాచ్‌లు మళ్లీ చూడాలి.

రెండోసర్వ్:
పాతరాకెట్ గారూ, నా పేరు మీదే దెబ్బ వేశారు 😀 సరే, సర్వ్ ఒప్పుకుంటాను. మణికట్టు విషయంలో మాత్రం ఒక పేరు చెప్తాను, జవాబివ్వండి. ఇటలీ ప్లేయర్ ఫ్లావియా పెన్నెట్టా. ఆమెకీ కుడి మణికట్టుకే ఆపరేషన్, 2012లో. ర్యాంకు వంద దాటి పడిపోయింది. అప్పటికే 30 ఏళ్లు. ఆమె కూడా అంతకుముందు, 2011లో, డబుల్స్ నంబర్ వన్ అయిన మనిషే, కాబట్టి హాయిగా డబుల్స్‌కి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. రెండూ ఆడుతూ వచ్చింది, 2015 యూఎస్ ఓపెన్ సింగిల్స్ గెలిచింది, 33 ఏళ్లకి! ఆ మర్నాడు అదే న్యూయార్క్‌లో సానియా, హింగిస్ డబుల్స్ గెలిచారు. ఒకే వారాంతం, ఒకే రకం గాయం. ఒకామె సింగిల్స్ వదల్లేదు, ఒకామె వదిలేసింది. చైనా ప్లేయర్ లీ నా సంగతి చెప్పనక్కర్లేదు, మొదటి గ్రాండ్‌స్లామ్ 29కి, రెండోది ఇంకో మూడేళ్లకి. 26 ఏళ్లకే "నావల్ల కాదు" అనుకోవడం నాకు అందుకే నచ్చదు.

నెట్‌కార్డ్:
పెన్నెట్టా పాయింట్ అదిరింది. దీనికి జవాబు రాదు.

డ్యూస్‌కోర్ట్:
వస్తుంది, ఆగు. పెన్నెట్టా గాయానికి ముందే, 2009లోనే, టాప్ 10లో ఉంది. తిరిగి రావడానికి ఆమెకి ఒక ఇల్లు ఉంది. సానియా తిరిగొచ్చినా చేరేది మహా అయితే ఆ 27 దగ్గరికే, పాతరాకెట్ గారు చెప్పిన సర్వ్‌తోనే. పైగా పెన్నెట్టా కప్పు అందుకుంటూనే రిటైర్ అవుతున్నానని అక్కడికక్కడే ప్రకటించేసింది. అంత శ్రమ ఒక్క కప్పుకి సరిపోయింది, గొప్ప కప్పే, కాదనను. సానియా 2018లో బిడ్డని కని, 2020 జనవరిలో తిరిగొచ్చి మొదటి టోర్నీలోనే, హోబార్ట్‌లో, కిచెనోక్‌తో డబుల్స్ గెలిచింది. 2023లో 36 ఏళ్ల వయసులో బోపన్నతో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడింది. సింగిల్స్ పట్టుకుని వేలాడి ఉంటే ఆ మోకాళ్లు 2023 దాకా వచ్చేవా?

అన్నట్టు, డబుల్స్‌లో అంతా తేలికే అనేవాళ్లకి 2015 వింబుల్డన్ ఫైనల్ ఒకటి చాలు. అవతల మకరోవా, వెస్నినా. మకరోవా ఆ ఏడాదే సింగిల్స్‌లో ఎనిమిదో ర్యాంకు చూసిన మనిషి, నెగ్గలేనివాళ్లు ఆడుకునే ఆట కాదు అది. మొదటి సెట్ పోయింది, రెండోది టైబ్రేక్‌లో దక్కింది, మూడో సెట్‌లో 2-5తో వెనకపడి 5-5కి లాక్కొచ్చారు. చీకటి పడుతుంటే ఆట ఆపి పైకప్పు మూసి లైట్లు వేశారు. తిరిగొచ్చి 7-5తో లాగేశారు. టెన్షన్‌తో చచ్చాం టీవీ ముందు.

టైబ్రేక్:
ఆ వెస్నినాకి సానియాతో ఏదో లంకె ఉందండోయ్. 2011 ఫ్రెంచ్ ఫైనల్‌లో పార్ట్‌నర్, 2015 వింబుల్డన్‌లో ప్రత్యర్థి, చివరికి 2016 ఫిబ్రవరిలో దోహాలో సానియా, హింగిస్‌ల 41 మ్యాచ్‌ల జైత్రయాత్రని ఆపింది కూడా వెస్నినా, కసత్కినా జోడీయే. టాపిక్‌కి సంబంధం లేదు, చెప్పాలనిపించింది.

పాతరాకెట్:
రెండోసర్వ్ గారి బాధ నాకు ఇంకో రకంగా అర్థమవుతుంది. ఇప్పుడు మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరు "మా పాపని డబుల్స్‌కి తయారుచేయండి సార్, సానియాలాగా" అంటున్నారు. అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. సానియా మొదటి పదేళ్లు సింగిల్సే ప్రధానంగా ఆడింది, ఆ 27వ ర్యాంకు పలుకుబడితోనే పెద్ద టోర్నీల డబుల్స్‌లోకి అడుగుపెట్టింది, మంచి పార్ట్‌నర్లు దొరికారు. డబుల్స్ ఎంట్రీకి సింగిల్స్ ర్యాంకు కూడా పనికొస్తుంది కదా. సింగిల్స్ ఆడని పదిహేనేళ్ల పిల్లకి ఆ ఫోర్‌హ్యాండూ రాదు, ఆ తలుపులూ తెరుచుకోవు. 2013 నిర్ణయం సానియాకి సరైనది, దాన్ని సిలబస్‌లో పెట్టకండి.

నెట్‌కార్డ్:
ఇంత చెప్పారు, మరి ఒలింపిక్ పతకం? డబుల్స్ మీదే దృష్టి పెట్టి 2016 రియోలో నంబర్ వన్‌గా దిగి, మిక్స్‌డ్‌లో బోపన్నతో సెమీస్ ఓడి, కాంస్య పతకం మ్యాచ్‌లో హ్రడెకా, స్టెపానెక్ చేతిలో కూడా ఓడి ఖాళీ చేతులతో వచ్చింది. దీనికేమంటారు?

డ్యూస్‌కోర్ట్:
ఓడిపోయింది అంటాం. సింగిల్స్ ఆడుంటే రియోలో పతకం వచ్చేదని నువ్వు నిజంగా నమ్ముతున్నావా?

రెండోసర్వ్:
అది నేను కూడా నమ్మను, అంత దూరం వెళ్లొద్దు. నా మాట మాత్రం అలాగే ఉంది: పెన్నెట్టాలాగా రెండూ ఆడుతూ 2014 చివరిదాకా చూసి అప్పుడు వదిలుంటే పోయేదేముంది? నంబర్ వన్ కావడానికి ఎలాగూ 2015 ఏప్రిల్ దాకా పట్టింది కదా.

పాతరాకెట్:
మోకాళ్లు పోయేవండీ. అవి ఆమెవి, మనవి కావు.