పాత ప్రొటెల్ బోర్డు ఫైలు: కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలా, మళ్లీ గీయాలా?

చిత్తూరు సర్వీస్:
మా దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కంట్రోలర్ కార్డులు రిపేరు చేస్తుంటాను. ఒక యజమాని పాత సీడీ ఇచ్చారు. అందులో ప్రొటెల్ 99 ఎస్‌ఈ అనే పాత సర్క్యూట్ బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన డీడీబీ ఫైలు (డిజైన్ ఉండే ఫైలు) ఉంది. రెండు లేయర్ల బోర్డు, 40 కాళ్ల డిప్ (రెండు వరుసల కాళ్లున్న ఐసీ) మైక్రోకంట్రోలర్. తోతాపురి సీజన్ మొదలయ్యేలోపు కొత్త కార్డులు కావాలి. ఫైలును మార్చుకోవాలా, ఇప్పటి డిజైన్ సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో మొదటి నుంచి గీయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రేణిగుంట లేఅవుట్:
మళ్లీ గీయడమే మంచిది అన్నా. కైక్యాడ్ డీడీబీని నేరుగా తెరవదు. అల్టియమ్ డిజైనర్‌లో ఇంపోర్ట్ చేసి, అక్కడ సేవ్ చేసిన ఫైలును కైక్యాడ్‌లోకి తేవాలి. అంటే రెండు మార్పిడులు, రెండుచోట్లా ఏదో ఒకటి జారిపోవచ్చు. పాత లైబ్రరీలోని ఫుట్‌ప్రింట్లు (ఒక్కో భాగం కూర్చునే ప్యాడ్ల అమరికలు) కూడా అలాగే వచ్చేస్తాయి. ఆ రిలే, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు మార్కెట్లో దొరక్కపోతే ఎలాగూ మార్చాల్సిందే కదా. రెండు లేయర్ల బోర్డుకు ఇంత తిప్పలు ఎందుకు?

తిరుపతి పీసీబీ:
ఈ మాటతో నేను ఏకీభవించను తమ్ముడూ. ఆ కార్డు ఆవిరిలో, తేమలో, పక్కనే మోటార్లు తిరుగుతుంటే ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ గ్రౌండ్ ట్రాక్ అక్కడే ఎందుకు వెళ్లిందో, మెయిన్స్ వైపు అంత ఖాళీ ఎందుకు వదిలారో సర్క్యూట్ బొమ్మలో ఎక్కడా రాసి ఉండదు. లేఅవుట్‌లోనే ఉంటుంది. మళ్లీ గీస్తే పోయేది అదే.

స్కేలు పెట్టి కొలిచి గీసేవాళ్లను చూశాను. డిప్ కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. 2.5 అని వేసుకుంటే ఒక్కో కాలికి తేడా 0.04 మాత్రమే. కానీ వరుసకు 20 కాళ్లు, మధ్యలో 19 ఖాళీలు. చివరికి వచ్చేసరికి 0.76 మిల్లీమీటర్ల తేడా, ఐసీ దిగదు.

మార్పిడిలో తప్పులు రావని నేను అనడం లేదు. వచ్చినవాటిని పట్టుకోవడానికి దారి ఉంది. మళ్లీ గీసినప్పుడు దేనితో పోల్చి చూస్తారు?

రేణిగుంట లేఅవుట్:
లేఅవుట్ గురించి మీరన్నది నిజమే సార్. కానీ దొరకని భాగాల సంగతి చెప్పలేదు. పైగా స్క్రీన్ మీద అంతా బాగానే ఉందని ఫ్యాబ్‌కు (బోర్డు తయారుచేసేవాళ్లకు) పంపేసేవాళ్లే ఎక్కువ. ఎవరు పోల్చి చూస్తున్నారు?

తిరుపతి పీసీబీ:
భాగాలను తర్వాత మార్చాలి. ముందు పాత బోర్డు ఉన్నది ఉన్నట్టు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి రావాలి. రెండు పనులూ ఒకేసారి పెట్టుకుంటే ఏ తేడా మార్పిడి వల్ల వచ్చిందో, ఏది మనం చేసిందో తెలియదు.

స్క్రీన్ చూసి తృప్తి పడకూడదన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అప్పట్లో ఫ్యాబ్‌కు వెళ్లిన గెర్బర్ ఫైలే (ఒక్కో లేయర్ బొమ్మ ఉండే ఫైలు) ప్రమాణం. మార్చిన ఫైలు నుంచి కొత్త గెర్బర్ తీసి, రెండింటినీ గెర్బ్‌వ్యూలో (కైక్యాడ్‌తో వచ్చే గెర్బర్ చూసే ప్రోగ్రామ్) వేర్వేరు రంగుల్లో ఒకదానిపై ఒకటి పెట్టి చూడండి. ఆ పోలిక అయ్యేదాకా కాపర్ ఫిల్‌ను (ట్రాకుల మధ్య ఖాళీల్లో పరిచిన రాగిని) మళ్లీ నింపకండి. నింపితే కొత్త సాఫ్ట్‌వేర్ తన రూల్స్ ప్రకారం క్లియరెన్స్‌లు (రాగి మధ్య వదిలే దూరాలు) మార్చేస్తుంది. డ్రిల్ ఫైలు విడిగా చూడాలి. ఎక్సెలాన్‌లో (డ్రిల్ ఫైలు ఫార్మాట్) దశాంశ స్థానం ఎక్కడుందో తప్పుగా చెబితే రంధ్రాలన్నీ పది రెట్లు దూరం జరుగుతాయి. అదృష్టవశాత్తూ అది కంటికి వెంటనే కనిపిస్తుంది. ఇంచా, మిల్లీమీటరా అన్నదీ చూసుకోండి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. ఈగిల్ అనే ఇంకో బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఉన్నవాళ్లు ఆలస్యం చేయొద్దు. 2026 జూన్ 7 నుంచి ఈగిల్ ఉండదని ఆటోడెస్క్ 2023లోనే ప్రకటించింది. వెర్షన్ 6 కంటే ముందువి బైనరీ ఫైళ్లు. వాటిని 6 లేదా ఆపై వెర్షన్‌లో తెరిచి సేవ్ చేస్తే ఎక్స్‌ఎంఎల్ (టెక్స్ట్ రూపంలోని ఫైళ్లు) అవుతాయి, వాటిని కైక్యాడ్ తీసుకుంటుంది.

చిత్తూరు సర్వీస్:
సీడీలో గెర్బర్ ఫోల్డర్ ఉంది సార్. అపెర్చర్ ఫైలు (ప్యాడ్ల, ట్రాకుల సైజుల పట్టిక) మాత్రం ఎక్కడా కనిపించలేదు. పోలికకు పనికిరాదా?

తిరుపతి పీసీబీ:
టెన్షన్ పడకండి. గెర్బర్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పైన శాతం గుర్తు, దాని వెంటే ఏడీడీ అనే అక్షరాలు ఉన్న వరుసలు కనిపిస్తే అది 274ఎక్స్ రకం. ప్యాడ్ల, ట్రాకుల సైజులు దానిలోనే ఉంటాయి, వేరే ఫైలు అక్కర్లేదు. ఆ వరుసలు లేకపోతే పాత 274డీ రకం. అప్పుడు కూడా ఏ ప్యాడ్ ఎక్కడుందో, ఏ ట్రాక్ ఎటు వెళ్లిందో అందులో ఉంటుంది కాబట్టి వాటి స్థానాలు పోల్చుకోవచ్చు. వెడల్పులు మాత్రం పాత కార్డు మీద వెర్నియర్‌తో కొలిచి, డీడీబీలో ఉన్నవాటితో సరిచూసుకోండి.