'రాందేవూ విత్ రామా'లో మనుషులు పలచబడ్డారా? చదివినవారు చెప్పండి

మల్లేశ్వరం పాఠకురాలు

మా అపార్ట్‌మెంట్‌లో నెలకొక పుస్తకం చదివే అలవాటుంది. ఈసారి ఆర్థర్ సి. క్లార్క్ 1973లో వెలువరించిన 'రాందేవూ విత్ రామా'. చదవనివారికి కథ రెండు మాటల్లో: 2131లో సౌరకుటుంబం వెలుపలి నుంచి ఒక వస్తువు వస్తుంది. 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వ్యాసం ఉన్న బోలు గొట్టం. గ్రీకు, రోమన్ పేర్లన్నీ అయిపోయాయి కాబట్టి మన పురాణాల నుంచి తీసి 'రామా' అని పేరు పెడతారు. అంతరిక్ష నౌక కమాండర్ నార్టన్ బృందం లోపలికి వెళ్లి చూసి వస్తుంది. కట్టినవారు కనబడరు. రామా సూర్యుణ్ణి చుట్టి తన దారిన పోతుంది.

సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాలు రెండూ వచ్చిన నవల. కానీ పుస్తకం మూసిన మర్నాడు నాకు ఒక్క మనిషీ గుర్తు లేడు. నార్టన్‌కు భూమి మీద ఒక కుటుంబం, అంగారకుడి మీద ఒక కుటుంబం ఉన్నాయి. అటువంటి మనిషి లోపల ఎంత అలజడి ఉండాలి! రచయిత దాన్ని ముట్టుకోలేదు. మనిషి మనసులోకి వెళ్లనిదాన్ని నేను గొప్ప నవల అనలేను.

పీణ్యా రోటర్ పనివాడు

అమ్మా, మీ మాటతో నేను ఏకీభవించలేను. ఇరవై ఏళ్లుగా బెంగళూరు పీణ్యాలో ఒక చిన్న షెడ్డులో రోటర్లు, అంటే యంత్రాల్లో తిరిగే భాగాలు, అదరకుండా బ్యాలెన్స్ చేస్తున్నాను. మా దగ్గరికి విప్పిన బేరింగు వస్తుంది. దానితో పాటు మనిషి రాడు, కాగితం రాదు. దాని గాడిలో అరుగుదల ఒక పక్కనే ఉందా, చుట్టూ ఉందా అని వేలితో తడిమి, ఆ యంత్రం ఎలా నడిచిందో, బిగించినవాడు ఎక్కడ తొందరపడ్డాడో చెబుతాం. ఎన్నడూ చూడని మనిషి చేతివాటం మాకు ఆ ఇనుములో తెలుస్తుంది. నేను ఈ నవలను అలా చదివాను.

లోపలి సముద్రాన్ని గుర్తు చేసుకోండి. గొట్టం నడుమ ఉంగరంలా చుట్టుకున్న నీరు, 10 కిలోమీటర్ల వెడల్పు. గొట్టం ఒక కొసను ఉత్తరం, రెండోదాన్ని దక్షిణం అంటారు. ఉత్తరపు గట్టు 50 మీటర్లు, దక్షిణపు గట్టు 500 మీటర్లు. ఎందుకింత తేడా? రామా ఉత్తర దిశగా వేగం పుంజుకుంటే నీరంతా వెనక్కి, దక్షిణానికి ఎగదన్నుతుంది. అది పొర్లిపోకుండా ఆ గట్టు. అంటే ఈ వస్తువు ఊరికే కొట్టుకొచ్చింది కాదు, నడిపించడానికే కట్టారు! ఆ పేజీ దగ్గర పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. కట్టినవాడి ముందుచూపు గోడ ఎత్తులో కనబడింది. అది మనసు కాదా?

లెక్క కూడా వేసి చూశాను. లోపలి వ్యాసం 16 కిలోమీటర్లు, నాలుగు నిమిషాలకు ఒక చుట్టు. ఆ తిరుగుడు వల్ల లోపలి గోడ మీద నిలబడ్డవారికి భూమి మీది బరువులో సగానికి కాస్త ఎక్కువ వస్తుంది. ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 34 కిలోల లోపే. అక్షం దగ్గర మాత్రం బరువే లేదు. అందుకే అక్షం నుంచి లోపలి నేలకు మెట్లు దిగేకొద్దీ కాళ్లకు బరువు తెలుస్తూ వస్తుంది. మొదట గడ్డకట్టి ఉన్న సముద్రపు మంచు కూడా అడుగు నుంచి కరుగుతుంది, ఎందుకంటే ఎండ వేడి తగిలేది గొట్టం బయటి పెంకుకు, సముద్రం అడుగు ఉన్నది ఆ పెంకు వైపే. గిన్నె కింద మంట పెట్టినట్టు.

వైట్‌ఫీల్డ్ నుంచి

లెక్కలు సరే. ఇదే పుస్తకంలో, బరువు లేని చోట ఆడవాళ్ల శరీరాలు మగవాళ్ల దృష్టిని ఎలా చెదరగొడతాయో అని ఒక వ్యాఖ్య ఉంది. నౌకలో వైద్యురాలు లారా ఎర్న్‌స్ట్ వంటి సమర్థురాలు ఉండగా ఆ మాట ఎందుకు? గట్టు ఎత్తు గురించి అంత జాగ్రత్త పడ్డ రచయిత తోటి మనుషుల విషయంలో ఆ జాగ్రత్త చూపలేదు. నాకు అది చిన్న లోపంగా అనిపించలేదు.

జయనగర్ 4వ బ్లాక్

2017 అక్టోబరు 19న హవాయిలోని పాన్-స్టార్స్ దూరదర్శిని 'ఔమువామువా'ను పట్టుకుంది. మరో నక్షత్రం వైపు నుంచి మన దగ్గరికి వచ్చినట్టు తెలిసిన తొలి వస్తువు అదే. అప్పుడు చాలామందికి ముందుగా గుర్తొచ్చింది ఈ నవలే. పాత్రల సంగతి ఎలా ఉన్నా, ఇలాంటి రాకను ఊహించడానికి మనకు ఒక రూపం ఇచ్చింది.

పీణ్యా రోటర్ పనివాడు

వైట్‌ఫీల్డ్ వారు చెప్పింది నిజం. ఆ వాక్యాన్ని నేను సమర్థించను, కాలం అలాంటిదని కూడా అనను.

కానీ మల్లేశ్వరం వారికి ఒక మాట. 1989 నుంచి క్లార్క్ మరో రచయిత జెంట్రీ లీతో కలిసి తెచ్చిన కొనసాగింపులు చదవండి. వాటిలో పాత్రలకు గతం ఉంది, కుటుంబం ఉంది, కుట్రలున్నాయి. మీరు కోరినవన్నీ ఉన్నాయి, అయినా నాకు ఆ గొట్టం లోపలి చీకటి మళ్లీ దొరకలేదు. మొదటి పుస్తకంలోనూ మనుషులు లేకపోలేదు. బుధగ్రహం మీద స్థిరపడ్డ మనుషులు రామా మీదికి బాంబు పంపితే, దాన్ని ఆపాలని పట్టుబట్టిన రోడ్రిగో నార్టన్ బృందంలో ఉన్నాడు. తన మత విశ్వాసం కోసం ఒంటరిగా వెళ్లి తీగలు కత్తిరించి వస్తాడు. అనుమతి ఇవ్వాలా వద్దా అని నార్టన్ నలిగిన ఘట్టాన్ని మరొక్కసారి చూడండి. అదే బృందంలోని జిమ్మీ పాక్ అంత పెద్ద లోహపు లోకంలో ఒకే ఒక్క పువ్వును చూసి, దాని కోసం సందుల్లోంచి దూరి వెళ్లడం కూడా.

మల్లేశ్వరం పాఠకురాలు

పువ్వు ఘట్టం రాత్రి మళ్లీ చదివాను. మొదటిసారి దాన్ని దాటేసి వెళ్లిపోయాను, ఆ తప్పు నాదే. గట్టు లెక్క మా అబ్బాయికి చెబితే పళ్లెంలో నీళ్లు పోసి, ముందుకు నెట్టి, వెనక అంచు మీంచి పొర్లించి చూపించాడు. నార్టన్ విషయంలో మాత్రం నా మాట మారలేదు. రెండు ఇళ్లున్న మనిషి అంత నిబ్బరంగా ఉండడు.