అప్‌డేట్: ఋణ సంఖ్యలు, మా కాలవ రేవు

"3లోంచి 5 పోతే ఎంత?" అంటే మా బడి పిల్లలు "పోదు మాస్టారూ" అంటున్నారు, ఏం చేయాలని మొన్న అడిగాను కదా. చాలామంది అప్పు లెక్కతో చెప్పమన్నారు. చెప్పాను. ఋణం అంటేనే అప్పు. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు కూడా ప్లస్, మైనస్ సంఖ్యల్ని ధనం, ఋణం అనే రాశాడు. కానీ మా నాలుగో తరగతి బుడ్డోడు ఒకడు "కొట్లో బాకీ నాన్న కడతాడండి" అని తేల్చేశాడు!

చివరికి కోనసీమలో ఉన్నందుకు కాలవ రేవే దిక్కయింది. నీళ్లు తాకే మెట్టు సున్నా. పైవి 1, 2, 3 అని సుద్దముక్కతో రాశాం. మునిగినవి -1, -2. వాటిని కర్రతో తడిమి లెక్కపెట్టారు (ఎవరినీ దిగనివ్వలేదు లెండి). మూడో మెట్టు నుంచి ఐదు దిగితే? "మైనస్ రెండు, నిక్కరు తడుస్తాదండి!"

ఒకమ్మాయి మాత్రం "వేసవిలో కాలవకి నీళ్లు కట్టేస్తే సున్నా ఎక్కడుంటాదండి?" అంది. జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.