సాలార్‌జంగ్ మ్యూజియం ప్రకటన చిత్రం: అద్దం ముందున్న శిల్పాన్ని ఎలా చిత్రీకరించాలి?

నమస్కారం. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంపై 60 సెకన్ల ప్రకటన చిత్రం తీయాలని మా ముగ్గురు సభ్యుల బృందం సంకల్పించింది. అనుమతి కోరుతూ ఇచ్చే దరఖాస్తుకు షాట్ల వివరాలు కూడా జతచేయాలనుకుంటున్నాం కనుక, అనుభవజ్ఞుల సలహా ముందే కోరుతున్నాను.

చిత్రానికి ప్రాణం మెఫిస్టోఫిలిస్, మార్గరెటా (గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని పాత్రలు) జంట శిల్పం. ఒకే దుంగలో ముందువైపు నిటారుగా నిలబడ్డ పురుషుణ్ణి, వెనకవైపు తలవంచిన యువతిని చెక్కారు. ఆమె మనకు శిల్పం వెనకనున్న నిలువుటద్దంలోనే కనిపిస్తుంది. కెమెరా మెల్లగా పక్కకు జరుగుతుండగా, ప్రేక్షకుడు ఆ వంచిన తలను తనంతట తానే కనుగొనాలన్నది నా కోరిక. అయితే స్లైడరు (కెమెరాను పక్కకు జరిపే పట్టా), కెమెరా, దాని వెనకున్న మేమూ అద్దంలో పడతాం. పోలరైజర్ ఫిల్టర్ గాజు పెట్టెల మెరుపును తగ్గిస్తుంది గానీ ఇటువంటి అద్దం దగ్గర ఉపయోగపడదు. దూరం నుంచి పొడవాటి లెన్సుతో ఏటవాలుగా తీయడం మేలా, నల్లగుడ్డ చాటున కెమెరాను దాచడం మేలా?

ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకా విగ్రహం విషయంలో వెలుగు గురించే నా సందేహం. ఎదురుగా దీపం పెడితే పాలరాతి ముసుగు మడతలు చదునుగా కనిపిస్తాయి. పక్కనుంచి ఒక్క మెత్తని ఎల్‌ఈడీ వెలుగు సరిపోతుందా?

సంగీత గడియారం గంట కొట్టే ఘట్టానికి మాకు దొరికేది గంటకొక్క అవకాశమే. గడియారంలోని బొమ్మనూ, తలలెత్తి చూసే పిల్లల ముఖాలనూ ఒకేసారి పట్టుకోవడానికి రెండో కెమెరాను ఎక్కడ నిలపాలో, గంట శబ్దాన్ని జనం సందడి నుంచి ఎలా వేరుచేసి రికార్డు చేయాలో దయచేసి వివరించగలరు.