అప్‌డేట్: టెర్రర్‌మోలినోస్ ఎట్టకేలకు లోడ్ అయింది

కుటుంబాన్ని స్పెయిన్‌కి సెలవులకు తీసుకెళ్లే 1985 నాటి టెక్స్ట్ గేమ్ టెర్రర్‌మోలినోస్, ఎమ్యులేటర్‌లో (లాప్‌టాప్‌ని పాత కంప్యూటర్‌లా పనిచేయించే ప్రోగ్రామ్) లోడ్ కావట్లేదని గతవారం అడిగాను కదా. తప్పు ఫైల్‌ది కాదు, నేను కీలు నొక్కిన తీరుది.

ఈ గేమ్ నడిచే పాత స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్‌లో ‘లోడ్’ అని అక్షరం అక్షరం కొట్టకూడదట. ‘ఎల్’ నొక్కగానే ‘లెట్’ అనే మాట వచ్చేస్తుంది. ‘జె’ ఒక్కటి నొక్కితే ‘లోడ్’ మొత్తం పడుతుంది. తర్వాత సింబల్ షిఫ్ట్ కీ పట్టుకుని ‘పి’ రెండుసార్లు, ఆపైన ఎంటర్. అంతే! ఈ కిటుకు చెప్పినవాళ్లకి చాలా చాలా థ్యాంక్స్.

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో అందరం లాప్‌టాప్ చుట్టూ చేరాం. తెర మీది మాటలు పాప చదువుతుంటే అమ్మకి తెలుగులో చెప్పాను. బొమ్మల కంటే మాటలే ఎక్కువ, అయినా నవ్వు ఆగలేదు. పిల్లాపాపలతో ఊరెళ్లే తిప్పలు ఏ దేశంలోనైనా ఒకటే అనుకుంటా. గేమ్‌లో సెలవులు అయ్యేలోపు పది ఫొటోలు తీయాలి. మాకు రెండే వచ్చాయి. పాప నోట్‌బుక్ వెనక పేజీలో పెన్సిల్‌తో మ్యాప్ గీస్తోంది. మూడోది దొరకగానే మళ్లీ రాస్తాను.